కారు కనపడని కొండదారి: ఇంగ్లండ్ పీక్ డిస్ట్రిక్ట్‌లో గ్రావెల్ సైక్లింగ్

(వీడియో ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల పూర్తి పాఠం)



ఒక సొరంగం ఊహించుకోండి. పాత రైలు సొరంగం. పొడవు దాదాపు అర కిలోమీటరు. లోపల లైట్లు ఆరిపోయి ఉన్నాయి. నా ఫోన్‌లో చార్జింగ్ 9 పర్సెంట్. నా ముందు మా రూమ్మేట్ సైకిల్ తొక్కుతున్నాడు, వాడి బండికి లైటే లేదు. ఎదురుగా ఎవరో వస్తున్నారు. ఆ తర్వాత ఏమైందో చివర్లో చెప్తాను. స్కిప్ చేయకండి, ఎందుకంటే ఆ ఒక్క సాయంత్రం కోసమే ఈ ఎపిసోడ్ చేస్తున్నాను.

ముందు విషయం చెప్తాను. ఇవాళ మనం మాట్లాడుకునేది గ్రావెల్ సైక్లింగ్ గురించి. ఎక్కడంటే ఇంగ్లండ్ మధ్యలో, మాంచెస్టర్‌కీ షెఫీల్డ్‌కీ డెర్బీకీ నడుమ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్‌లో. కొండలు, లోయలు, గొర్రెలు, రాతి గోడలు. వాటి మధ్యలో ఒక్క కారు కూడా రాని కంకర దారులు. అవును, ఒక్క కారు కూడా రాదు.

నేనెందుకు అక్కడికి వెళ్లాను?

నేను మాస్టర్స్ కోసం షెఫీల్డ్ వచ్చాను. వచ్చిన రెండో నెలలోనే సెకండ్ హ్యాండ్‌లో ఒక హైబ్రిడ్ సైకిల్ కొన్నాను. కాలేజీకీ, పార్ట్ టైమ్ షిఫ్ట్‌కీ దాని మీదే. బస్సు డబ్బులు మిగులుతాయి కదా! మన దగ్గర స్కూల్ రోజుల్లో సైకిల్ తొక్కినవాళ్లమే, ఇక్కడ రూల్స్ పాటిస్తారు, ఏం భయం అనుకున్నాను.

ఒక రోజు పొద్దున్నే షిఫ్ట్‌కి వెళ్తుంటే ఒక వ్యాన్ నన్ను దాటుతూ దాని సైడ్ మిర్రర్‌తో నా మోచేతిని కొట్టింది. ఆగలేదు. నేను పక్కనున్న గడ్డిలో పడ్డాను. దెబ్బ పెద్దది కాదు, చర్మం గీరుకుంది అంతే. కానీ ఆ తర్వాత వెనక నుంచి ఇంజన్ శబ్దం వినపడితే చాలు, భుజాలు బిగుసుకుపోయేవి. ఇక్కడి హైవే కోడ్‌లో 2022లో మార్పు తెచ్చారు. 30 మైళ్ల వేగం వరకు వెళ్తున్న వాహనం సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్ల దూరం వదలాలి. పుస్తకంలో ఉంది. ఆ వ్యాన్‌కీ నాకూ మధ్య 1.5 సెంటీమీటర్లు కూడా లేదు.

ఏడు నెలలు సైకిల్ ముట్టుకోలేదు. హాల్లో గోడకి ఆనించి పెట్టాను. మా రూమ్మేట్ దాని మీద టవల్స్ ఆరేసేవాడు. వాడు నాకంటే మూడేళ్లు చిన్న, ఖమ్మం వైపు కుర్రాడు. ఒక రోజు వాడే అన్నాడు, "అన్నా, రోడ్డు అంటే భయమైతే రోడ్డు లేని చోటికి పోదాం. ఇక్కడ దగ్గర్లోనే ఉందంట." అలా మొదలైంది.

రైలు పోయింది, దారి మిగిలింది

కొండల్లో కార్లు లేని దారి ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి సమాధానం రైళ్లు.

1963లో బ్రిటిష్ రైల్వేస్ చైర్మన్‌గా ఉన్న రిచర్డ్ బీచింగ్ ఒక రిపోర్ట్ ఇచ్చాడు. నష్టాలొస్తున్న లైన్లు మూసేయాలని. దాదాపు 5 వేల మైళ్ల రూట్, 2 వేలకు పైగా స్టేషన్లు ఆ లిస్టులో ఉన్నాయి. ఊళ్లకి ఊళ్లు గొడవ చేశాయి. అయినా చాలా లైన్లు పోయాయి. పట్టాలు పీకేశారు. కానీ కట్టలు, వంతెనలు, సొరంగాలు అలాగే ఉండిపోయాయి. వాటిల్లో కొన్నింటిని తర్వాత నడకకీ, సైకిళ్లకీ, గుర్రాలకీ వదిలారు.

ఇక్కడ ఒక లాభం ఉంది, సైకిల్ తొక్కేవాడికి మాత్రమే అర్థమయ్యే లాభం. రైలు ఇంజన్ నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకే రైలు కట్టేవాళ్లు కొండని తొలిచి, లోయ మీద వంతెన వేసి, దారిని వీలైనంత చదునుగా తీసుకెళ్తారు. అంటే వందేళ్ల కింద ఎవరో మన కోసం కొండంతా చదును చేసి పెట్టారన్నమాట. చుట్టూ కొండలే, కానీ మీ కాళ్లకి కొండ తగలదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, భయపడి మానేసినవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు లేదు.

మాన్సల్ ట్రైల్

స్క్రీన్ మీద కనిపిస్తున్న ఈ ఐదు కమానుల వంతెన చూడండి. హెడ్‌స్టోన్ వయాడక్ట్. కింద వై నది. ఇదే మాన్సల్ ట్రైల్‌లో అందరూ ఫొటో దిగే చోటు. బేక్‌వెల్ ఊరి నుంచి బ్లాక్‌వెల్ మిల్ దాకా మొత్తం 8.5 మైళ్లు, అంటే 14 కిలోమీటర్ల లోపే. మిడ్‌లాండ్ రైల్వే 1863లో తెరిచిన లైన్ ఇది. 1968లో మూతపడింది.

ఫన్నీ విషయం ఏంటంటే, ఇవాళ అందరూ మెచ్చుకునే ఈ వంతెనని కట్టినప్పుడు తిట్టినవాళ్లు ఉన్నారు. జాన్ రస్కిన్ అని ఆ కాలపు పెద్ద రచయిత. బక్స్‌టన్ వాళ్లు అరగంటలో బేక్‌వెల్ రావడానికీ, బేక్‌వెల్ వాళ్లు అరగంటలో బక్స్‌టన్ పోవడానికీ ఇంత అందమైన లోయని నాశనం చేశారని మండిపడ్డాడు. ఇప్పుడు అదే వంతెనని చట్టం పెట్టి కాపాడుతున్నారు. మనం చెడగొట్టింది అనుకున్నది కూడా పాతబడితే అందంగానే కనపడుతుందేమో!

లైన్ మూతపడ్డాక ఈ దారిలో ఒక సమస్య ఉండేది. సొరంగాలు. హెడ్‌స్టోన్, క్రెస్‌బ్రుక్, లిట్టన్, చీ టార్. ఒక్కొక్కటి దాదాపు 400 మీటర్లు. భద్రత లేదని వాటిని మూసి ఉంచారు. నడిచేవాళ్లు కొండ ఎక్కి దిగి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చేది. 2011లో రిపేర్లు చేసి, లోపల లైట్లు పెట్టి తెరిచారు. అప్పటి నుంచి మొత్తం దారి ఒకే తీగలా కలిసింది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఆ లైట్లు పగటిపూట కోసమే. పొద్దుగూకితే ఆరిపోతాయి. ఇది బోర్డు మీద రాసి ఉంటుంది. నేను ఆ బోర్డు చదివాను. చదివి కూడా... సరే, తర్వాత చెప్తాను.

పత్తి కథ, మన కథ

ఈ దారి పక్కనే నది ఒడ్డున పెద్ద పెద్ద పాత మిల్లులు కనపడతాయి. క్రెస్‌బ్రుక్ మిల్, లిట్టన్ మిల్. ఇప్పుడు వాటిల్లో అపార్ట్‌మెంట్లు. ఒకప్పుడు నూలు మిల్లులు. నీటి బలంతో నూలు వడికే మొట్టమొదటి పెద్ద మిల్లుని రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో ఇక్కడికి దగ్గర్లోనే, క్రోమ్‌ఫర్డ్‌లో పెట్టాడు. ఆ డెర్వెంట్ లోయ మిల్లులు 2001 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి.

మొదటిసారి ఆ బోర్డు చదువుతుంటే నాకు మచిలీపట్నం గుర్తొచ్చింది. ఎందుకంటే దానికంటే ముందు ఇంగ్లండ్ వాళ్లు పిచ్చిపిచ్చిగా కొన్నది మన గుడ్డ. ఈస్ట్ ఇండియా కంపెనీ మచిలీపట్నంలో 1611లోనే గిడ్డంగి పెట్టింది. కోరమాండల్ తీరం నుంచి అద్దకం గుడ్డలు ఓడల్లో వెళ్లేవి. ఎంతగా అంటే, ఇక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గొడవ చేసి 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి ఆ గుడ్డల మీద నిషేధం తెప్పించారు. ఆ తర్వాత యాభై ఏళ్లకి ఇక్కడి నదుల పక్కన ఈ మిల్లులు లేచాయి. తర్వాత మన మగ్గాలకి ఏం జరిగిందో మీకు తెలుసు.

లిట్టన్ మిల్ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. అనాథ పిల్లల్ని తెచ్చి అక్కడ పనిలో పెట్టేవారు. రాబర్ట్ బ్లింకో అనే పిల్లాడు అక్కడ పడ్డ హింస అంతా తర్వాత పుస్తకంగా వచ్చింది. బాల కార్మికుల చట్టాల కోసం పోరాడినవాళ్లకి అది పనికొచ్చింది. కాబట్టి ఆ లోయ అందంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ అందం కింద ఎవరి చెమట ఉందో తెలుసుకుని తొక్కితే ఇంకోలా కనపడుతుంది.

ఇంకో రెండు దారులు

మాన్సల్ ఒక్కటే కాదు. టిస్సింగ్టన్ ట్రైల్ ఉంది, యాష్‌బోర్న్ నుంచి పార్స్‌లీ హే దాకా 13 మైళ్లు. దీంట్లో చిన్న మోసం ఉంది. పార్స్‌లీ హే నుంచి మొదలుపెడితే మొత్తం మీద దిగుడే. గాలి మొహానికి తగులుతుంటే "అబ్బా, నాకు భలే ఫిట్‌నెస్ వచ్చేసింది" అనిపిస్తుంది. యాష్‌బోర్న్‌లో కేక్ తిని తిరిగి బయల్దేరాక తెలుస్తుంది అసలు సంగతి. పైగా ఎదురుగాలి ఉంటే కథ కంచికే. అందుకే రూల్: ముందు ఎక్కండి, తర్వాత దిగండి. యాష్‌బోర్న్‌లో మొదలుపెట్టండి. పార్స్‌లీ హేలో, యాష్‌బోర్న్‌లో నేషనల్ పార్క్ వాళ్లే సైకిళ్లు అద్దెకిస్తారు. సొంత సైకిల్ లేకపోయినా పర్లేదు.

ఇక హై పీక్ ట్రైల్. 17 మైళ్లు. ఇది నాకు బాగా ఇష్టం. క్రోమ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వే 1831 నాటికి పూర్తయింది, అంటే రైళ్లు అనేవి సరిగ్గా పుట్టని రోజుల్లో. అప్పట్లో ఇంజన్ల మీద నమ్మకం లేదు. చదును చోట గుర్రాలు బండ్లు లాగేవి. నిటారు చోట కొండ పైన ఒక ఆవిరి యంత్రం పెట్టి, గొలుసుతో బండ్లని పైకి లాగేవారు. మిడిల్‌టన్ టాప్‌లో 1829 నాటి ఆ యంత్రం ఇప్పటికీ ఉంది. చూడొచ్చు.

ఆ నిటారు చోట్లలో ఒకటి షీప్ పాశ్చర్ వాలు. 1888లో అక్కడ రెండు బండ్లు తెగిపోయి కిందికి దూసుకెళ్లాయి. ఎంత వేగంగా అంటే కింద ఉన్న కాలువనీ, పక్కనున్న రైలు పట్టాలనీ ఎగిరి దాటి పడ్డాయి. ఆ తర్వాత దారిలో గొయ్యి తవ్వి పెట్టారు, తెగిన బండి దాంట్లో పడేలా. ఆ గోతిలో పాత బండి శిథిలం ఇప్పటికీ కనపడుతుంది. దాన్ని చూశాక కూడా అక్కడ బ్రేక్ వదిలి దిగేవాడికి నేను చెప్పేది ఏమీ లేదు. నేనైతే దిగి సైకిల్‌ని నడిపించుకుంటూ వస్తాను. సిగ్గేం లేదు.

ఇంకొంచెం అలవాటయ్యాక డెర్వెంట్ రిజర్వాయర్ల తూర్పు పక్కనున్న కంకర దారి ట్రై చేయండి. ఒక పక్క నీళ్లు, ఒక పక్క అడవి. పక్కనే ఉన్న లేడీబవర్ డ్యామ్ కోసం 1940ల్లో డెర్వెంట్, యాషాప్టన్ అని రెండు ఊళ్లు మునిగిపోయాయి. 2018లో, 2022లో బాగా ఎండలు కాసి నీళ్లు తగ్గినప్పుడు డెర్వెంట్ ఊరి గోడల రాళ్లు బయటపడ్డాయి. శ్రీశైలం ముంపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, ఆ రాళ్ల దగ్గర ఏమనిపిస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ నేల ఎవరిది?

"అసలు అక్కడ మనల్ని తొక్కనిస్తారా? ఎవరూ ఏమనరా?" అని చాలామంది కామెంట్లలో అడుగుతారు. మంచి ప్రశ్న.

ఒకప్పుడు ఇక్కడివాళ్లనే తిరగనిచ్చేవారు కాదు. ఈ కొండలన్నీ జమీందార్ల వేట భూములు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్లు కొన్ని వందల మంది కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. కావాలనే, అందరికీ చెప్పి మరీ. వాళ్లని నడిపించిన బెన్నీ రోత్‌మన్‌కి అప్పుడు 20 ఏళ్లు. అంటే మీ వయసే! ఐదుగురికి జైలు శిక్ష పడింది. ఆ తర్వాత జనంలో మార్పు వచ్చింది. 1949లో చట్టం వచ్చింది, 1951లో బ్రిటన్‌లోనే మొదటి నేషనల్ పార్క్‌గా పీక్ డిస్ట్రిక్ట్‌ని ప్రకటించారు.

సైకిళ్ల విషయానికొస్తే 1968 చట్టం ఒకటుంది. గుర్రపు బాటల మీద సైకిల్ తొక్కే హక్కు దాంతోనే వచ్చింది. ఒక షరతు: నడిచేవాళ్లకీ, గుర్రాలకీ మనమే దారి ఇవ్వాలి. బోర్డుల మీద బాణం రంగు చూడండి. పసుపు అయితే కాలిబాట, అక్కడ మనకి హక్కు లేదు. నీలం అయితే గుర్రపు బాట, తొక్కొచ్చు. ఊదా అయితే కూడా తొక్కొచ్చు, అక్కడ మోటారు బండ్లు రావు. ఎరుపు అయితే అన్ని బండ్లూ రావొచ్చు, జాగ్రత్త. మ్యాప్ యాప్ ఎటు చెప్పినా సరే, బాణం రంగే ఫైనల్.

మొదటి రోజు నాకూ మొహమాటంగానే అనిపించింది. అందరూ ఇక్కడివాళ్లే, మేమిద్దరమే బ్రౌన్. కానీ ఒక్కటి గమనించాను. ఎదురొచ్చే ప్రతి మనిషీ "హలో" అంటాడు. సిటీలో ఎవరూ అనరు, ఇక్కడ అంటారు. మీరు కూడా అనండి. గంట మెల్లగా కొట్టండి, స్లో చేయండి, థాంక్యూ చెప్పండి. గుర్రం కనపడితే దూరం నుంచే మాట్లాడండి, మనిషి గొంతు వింటే అది బెదరదు. గేటు తెరిచి ఉంటే తెరిచే వదిలేయండి, మూసి ఉంటే మూసేయండి. గొర్రెలు బయటికి పోతే రైతుకి కష్టం.

బండి ఏది? గాలి ఎంత?

గ్రావెల్ బైక్ అంటే ఏంటో సింపుల్‌గా చెప్తాను. చూడ్డానికి రేసింగ్ సైకిల్‌లా వంగిన హ్యాండిల్ ఉంటుంది. కానీ టైర్లు వెడల్పు, 40 మిల్లీమీటర్లు, ఇంకాస్త ఎక్కువ కూడా. డిస్క్ బ్రేకులు. ఎక్కడానికి వీలుగా చిన్న గేర్లు. ఫ్రేమ్ కూడా కొంచెం పొడుగ్గా, నిలకడగా ఉంటుంది.

ఇప్పుడు నిజం వినండి: ఈ రైలు దారులకి గ్రావెల్ బైక్ తప్పనిసరి కాదు. నా మొదటి ఆరు రైడ్లు ఆ పాత హైబ్రిడ్ మీదే, ఆ టవల్స్ ఆరేసిన దాని మీదే. అప్పు చేసి కొత్త బైక్ కొనకండి ప్లీజ్. ముందు అద్దెకి తీసుకోండి, నచ్చితే సెకండ్ హ్యాండ్ చూడండి.

కంకర మీద తేడా తెచ్చేది టైర్లలో గాలి. అందరూ చేసే తప్పు ఏంటంటే గట్టిగా కొట్టించేయడం. గట్టి టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, పట్టు పోతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. నా బరువు 72 కిలోలు. 40 మిల్లీమీటర్ల టైర్లకి నేను ముందు 35, వెనక 38 పీఎస్ఐ పెడతాను. మీ బరువుని బట్టి కొంచెం అటూ ఇటూ మార్చుకోండి. టైరు మీద రాసిన హద్దులు మాత్రం దాటకండి.

మలుపులో బ్రేక్ వేయకండి, మలుపుకి ముందే వేయండి. చూపు చక్రం ముందు కాదు, పది పదిహేను మీటర్ల దూరంలో ఉండాలి. హ్యాండిల్‌ని గట్టిగా నొక్కిపెట్టకండి, బండిని కాస్త ఆడనివ్వండి. కంకర మీద బండి కొంచెం జారడం మామూలే, కంగారుపడితేనే పడతారు.

ఇక్కడి నేల సున్నపురాయి. వాన పడితే ఆ తెల్లటి పొడి ముద్దలా అయి చైన్‌కీ బ్రేకులకీ అంటుకుంటుంది. ఎండితే సిమెంటే. ఇంటికి రాగానే కడిగేయండి. "రేపు చూద్దాంలే" అన్నారంటే చైన్ మార్చుకునే ఖర్చు రాసి పెట్టుకున్నట్టే.

ఆ సాయంత్రం

సరే. ఇప్పుడు సొరంగం.

నవంబర్ మధ్యలో ఒక ఆదివారం. ఫ్రెండ్ కారు తీసుకుని, సైకిళ్లు వెనక కట్టుకుని బేక్‌వెల్ వెళ్లాం. బయల్దేరేసరికే పన్నెండున్నర. నవంబర్‌లో ఇక్కడ నాలుగుంపావుకల్లా పొద్దుగూకుతుంది. లెక్క వేస్తే టైమ్ సరిపోతుంది. 14 కిలోమీటర్లు పోవడం, 14 రావడం, మూడు గంటలు చాలు. కానీ ఆ లెక్కలో పంక్చర్ లేదు.

బ్లాక్‌వెల్ మిల్ దగ్గర వాడి వెనక టైరు పోయింది. ట్యూబ్ ఉంది, పంపు ఉంది. చలికి వేళ్లు పనిచేయలేదు. మొదటి ట్యూబ్‌ని నేనే లివర్‌తో నొక్కి చింపేశాను. రెండోది పెట్టేసరికి ముప్పావు గంట. తిరుగు దారిలో మిల్లర్స్ డేల్ పాత స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి ఆకాశం బూడిద రంగులోకి తిరిగింది. ఇంకా మూడు సొరంగాలు ఉన్నాయి.

లిట్టన్ సొరంగం ముందు ఆగాం. లోపల చీకటి. నా దగ్గర లైటు ఉంది, ఇంట్లో, టేబుల్ మీద! వాడి దగ్గర అసలు లేదు. నేను "దిగి నడుద్దాంరా" అన్నాను. వాడు "అన్నా, తొక్కేద్దాం, రెండు నిమిషాల పని. చలికి చచ్చిపోతున్నా" అన్నాడు. నేను పెద్దవాణ్ని. కాదు అనాలి. అనలేదు. నాకూ చలేస్తోంది. ఫోన్ టార్చ్ ఆన్ చేసి ఒక చేత్తో పట్టుకుని వాడి వెనక తొక్కాను.

మధ్యలోకి వచ్చాక ఎదురుగా చిన్న వెలుగు, నేల వైపు. ఎవరో నడిచి వస్తున్నారు. ఆ మనిషి కనపడ్డాడు. ఆయన కుక్క మాత్రం కనపడలేదు. నల్ల కుక్క, పొడుగు తాడు, దారికి అడ్డంగా. వాడు ఆఖరి క్షణంలో చూసి ముందు బ్రేక్ నొక్కేశాడు. హ్యాండిల్ మీదుగా ఎగిరి పడ్డాడు. ఆ శబ్దం సొరంగమంతా మోగింది. ఆ తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం. నా జీవితంలో అంత పొడుగు క్షణం ఇంకోటి లేదు. తర్వాత వాడి గొంతు, "అన్నా, చెయ్యి."

ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఆయన, అరవై దాటిన పెద్దాయన, మమ్మల్ని ఒక్క మాట తిట్టలేదు. తన మఫ్లర్ తీసి వాడి చేతికి కట్టాడు. తన టార్చ్ నాకిచ్చాడు. తను వెళ్లాల్సింది అటు వైపు, కానీ వెనక్కి తిరిగి మాతో వచ్చాడు. లిట్టన్ దాటి, క్రెస్‌బ్రుక్ దాటి, వంతెన మీదుగా, ఆ నిటారు కాలిబాట ఎక్కి మాన్సల్ హెడ్ దాకా. ఒక సైకిల్ ఆయన నెట్టాడు, ఒకటి నేను. కారు అక్కడుంది. మమ్మల్ని బేక్‌వెల్‌లో దింపాడు. దిగేటప్పుడు నాతో ఒకటే అన్నాడు, వచ్చే వారం లైటు కొనుక్కోమని. నేను సారీ చెప్తుంటే, కుక్క తాడు పొట్టిగా పట్టుకోనందుకు తనే సారీ చెప్పాడు.

మణికట్టు ఎముకలో సన్నగా పగులు. ఐదు వారాలు కట్టు. వాడికి షిఫ్టులు పోయాయి, అంటే అద్దె డబ్బులు పోయాయి. ఆ రెండు నెలలు అద్దె నేను కట్టాను. గొప్ప కోసం చెప్పట్లేదు, తప్పు నాది కాబట్టి కట్టాను. వాడు మాత్రం నన్ను ఒకటే అడిగాడు: "అమ్మకి చెప్పకు అన్నా." ఐదు వారాలు వీడియో కాల్‌లో ఫుల్ హ్యాండ్స్ స్వెటర్ వేసుకుని ఎడమ చెయ్యే ఊపాడు. వాళ్ల అమ్మ "ఏం నాన్నా, ఎప్పుడూ ఆ చెయ్యే ఊపుతావు" అని అడిగితే, పక్కన కూర్చున్న నేను తల దించుకున్నాను.

పోయిన వారం వాడే ఆమెకి చెప్పాడు. ఏడ్చింది, తిట్టింది, ఆ తర్వాత "ఆ పెద్దాయన చల్లగా ఉండాలి" అంది. వాడు ఓకే చెప్పాకే ఈ ఎపిసోడ్ చేస్తున్నాను.

కాబట్టి ఇవి రాసుకోండి

ఎండాకాలం అయినా సరే, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు బండికే కట్టేసి ఉంచండి. చీకటి పడ్డాక రోడ్డు మీద అవి లేకపోతే ఇక్కడ చట్టం ఒప్పుకోదు. హెల్మెట్ చట్టం అడగదు, నేను అడుగుతున్నాను. వాడి తల ఆ రోజు బాగుందంటే దాని వల్లే అని నా నమ్మకం.

బయల్దేరే ముందు సూర్యాస్తమయం టైమ్ చూడండి. దానికి గంటన్నర ముందే కారు దగ్గరికో స్టేషన్‌కో చేరేలా ప్లాన్ చేయండి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, ఆ లోయల్లో సిగ్నల్ దొరకదు. ఫోన్‌ని టార్చ్‌లా వాడకండి, అది ఫోన్ చేయడానికి. పవర్ బ్యాంక్, రెండు ట్యూబులు, పంపు, గ్లవ్స్. ఎవరో ఒకరికి "ఇటు వెళ్తున్నాను, ఈ టైమ్‌కి వస్తాను" అని మెసేజ్ పెట్టండి. కొండల్లో ఏదైనా అయితే 999కి చేసి, పోలీస్ అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి.

మీలో చాలామంది హైదరాబాద్‌లో ఉండి చూస్తున్నారు. మీకు ఔటర్ రింగ్ రోడ్ పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, తెరిచినప్పుడు 23 కిలోమీటర్లు. కొండలు లేవు, కంకర లేదు, కానీ వెనక నుంచి హారన్ లేకుండా తొక్కితే ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి చూడండి.

నాకు ఆ వ్యాన్ భయం పూర్తిగా పోలేదు. సిటీ రోడ్డు మీద ఇప్పటికీ భుజాలు బిగుస్తాయి. కానీ మళ్లీ సైకిల్ మీద షిఫ్ట్‌కి వెళ్తున్నాను. మనసు బాగోలేని వారం మాన్సల్ వెళ్తాను. పోయిన నెల మేమిద్దరం మళ్లీ ఆ లిట్టన్ సొరంగంలోంచి వెళ్లాం. మధ్యాహ్నం రెండింటికి, లైట్లు అన్నీ వెలుగుతుండగా. అయినా మా బండ్ల లైట్లు కూడా ఆన్ చేసుకున్నాం. వాడు పడ్డ చోట ఆగి, "అన్నా, ఫొటో తియ్యి, అమ్మకి పంపుదాం" అన్నాడు. ఈసారి కుడి చెయ్యి ఊపాడు.

మీరు మొదటిసారి ట్రాఫిక్ లేని దారి మీద ఎక్కడ తొక్కారో కామెంట్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను. కొత్తగా యూకే వస్తున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ వీడియో పంపండి. ఉంటాను మరి, జాగ్రత్త. లైటు మర్చిపోకండి.